పెద్దావిడ మనసు గురించి అడిగే ముందు: నర్సింగ్ ప్రాజెక్టు చేసేవాళ్ళ కోసం

ప్రాజెక్టుకి టాపిక్ ఎంచుకోమనగానే ఈమధ్య మా నర్సింగ్ పిల్లల్లో చాలామంది రెండే చెబుతున్నారు. ఒకటి పెద్ద వయసు ఆడవాళ్ళ మానసిక ఆరోగ్యం, రెండోది నర్సింగ్ విద్యార్థుల టెన్షన్. రెండూ కావలసినవే, నాకు ఇష్టమైనవే. కానీ చివర్లో పుస్తకం తెరిచి చూస్తే పట్టికలు ఉంటాయి, గ్రాఫులు ఉంటాయి, ఆ పెద్దావిడ మాత్రం ఎక్కడా కనపడదు. పని చెడేది కంప్యూటర్ ముందు కాదు, ఆవిడ పక్కన కూర్చుని ప్రశ్న అడిగేటప్పుడు. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతాను, స్టాటిస్టిక్స్ గురించి తక్కువ.

గుంటూరు వైపు ఒక ఊళ్ళో కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు మా విద్యార్థిని ఒకమ్మాయి డెబ్భై దాటిన ఒకావిడ దగ్గర కూర్చుంది. ఆవిడ అరుగు మీద చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. అమ్మాయి కాగితం చూసి చదివింది: "మీ జీవితం శూన్యంగా ఉందని మీరు భావిస్తున్నారా?" ఆవిడ తలెత్తి "శూన్యమంటే ఏందమ్మాయ్, శూన్యమాసమా?" అంది. అమ్మాయికి ఏం చెప్పాలో తోచక "లేదు" దగ్గర టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. కాసేపాగి నేనే అడిగాను, "పొద్దు గడుస్తోందా మామ్మగారూ, లోపల ఏదన్నా వెలితిగా ఉంటోందా?" అని. గింజ తీసే చెయ్యి ఆగింది. "ఆయన పోయిన కాడ్నించి పొద్దే గడవట్లేదమ్మా, అన్నం కూడా ఎవరో తినమంటే తిన్నట్టుంటది" అంది. ఆ టిక్కు అలాగే ఉండిపోయి ఉంటే మా లెక్కలో ఆవిడ ఏ దిగులూ లేని మనిషి.

సరే, మొదటి పని ప్రశ్న తేల్చుకోవడం. దిగులు లేకపోవడం, మనిషి బాగుండటం ఒకటి కాదు. డిప్రెషన్ ఎంతమందిలో ఉండొచ్చో చూస్తారా, లేక మనసు ఎంత నిండుగా ఉందో చూస్తారా, ముందే నిర్ణయించుకోండి. రెండోదైతే కెరోల్ రిఫ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1989లో ఇచ్చిన స్కేలు ఉంది, స్కేలు అంటే జవాబులకి మార్కులు వేసి కొలిచే ప్రశ్నల పట్టిక. తనను తాను ఒప్పుకోవడం, మనుషులతో మంచి సంబంధాలు, బతుకులో ఒక లక్ష్యం, ఎదుగుదల, చుట్టూ ఉన్నవాటిని నెట్టుకురాగలగడం, సొంతంగా నిర్ణయించుకోగలగడం అని ఆరు పాళ్ళుగా చూస్తుంది. 18, 42, 84 ప్రశ్నల రూపాలు ఉన్నాయి. పెద్దవాళ్ళకి 84 ప్రశ్నలు పెట్టి కూర్చోబెట్టకండి దయచేసి. ఇంకో మాట, సొంత నిర్ణయం గురించిన ప్రశ్నల దగ్గర జాగ్రత్త. "ఏదైనా మా అబ్బాయిని అడిగే చేస్తాను" అని ఒకావిడ సంతోషంగా చెబితే స్కేలులో మార్కు తగ్గుతుంది, కానీ ఆవిడకి అది లోటు కాదు, కొడుకు మీద నమ్మకం. అలాంటి చోట్ల ఏం జరిగిందో చర్చ భాగంలో తప్పకుండా రాయండి, దాటేయకండి.

డిప్రెషన్ లక్షణాల కోసమైతే జీడీఎస్ (జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్) తీసుకోండి, పెద్దవాళ్ళ కోసమే తయారైంది, 15 ప్రశ్నల రూపం చాలు, అన్నీ అవును, కాదు జవాబులే. మొత్తం మార్కులు 5 దాటితే ఇంకా లోతుగా చూడాలి అని మాత్రమే అర్థం. "డిప్రెషన్ ఉంది" అని రాయకూడదు, ఆ మాట చెప్పాల్సింది పరీక్ష చేసిన డాక్టరు. ఈ 15లో ఐదింటికి "కాదు" అన్నప్పుడే మార్కు పడుతుంది, చాలామంది అన్నిటికీ "అవును"కే వేసేసి మొత్తం లెక్క పాడుచేసుకుంటారు. ఇక చాలా చిన్నది కావాలంటే, మనసు ఎంత బాగుందో చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ డబ్ల్యూహెచ్ఓ-5 ఉంది: గత రెండు వారాల గురించి ఐదే వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 5, వచ్చిన మొత్తాన్ని 4తో గుణిస్తే వందకి వస్తుంది. 50, లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆవిడతో ఇంకాస్త మాట్లాడాలి. అలసిపోయే పెద్దవాళ్ళకి నేను ఎక్కువగా దీన్నే చెబుతాను.

ఇప్పుడు అనువాదం. ఇంగ్లీషు స్కేలుని ఒకరు తెలుగులోకి మార్చాలి, ఆ తెలుగుని ఇంగ్లీషు కాగితం అసలు చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిచేయాలి. ఇది అందరూ చేస్తారు, గైడ్ సంతకం పెడతారు, అక్కడితో ఆపేస్తారు. అసలు పని ఆ తర్వాతే ఉంది. ఓ పదిమంది పెద్దావిడల దగ్గరికి వెళ్ళి ప్రశ్న చదివి, "ఇప్పుడు నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండమ్మా" అనండి. అప్పుడు బయటపడతాయి. జీడీఎస్‌లో చివరి ప్రశ్న, మీకన్నా చాలామంది మెరుగ్గా ఉన్నారనుకుంటున్నారా అని. మా ఊళ్ళల్లో దానికి జవాబు "అవునమ్మా, వాళ్ళకి మేడలున్నాయి, మాకు రేకుల షెడ్డే కదా" అని వస్తుంది. ఆవిడ ఆస్తి గురించి చెప్పింది, మీరు దిగులు కింద మార్కు వేశారు. బయటికి వెళ్ళడంకన్నా ఇంట్లోనే ఉండటం ఇష్టమా అన్న ప్రశ్నా అంతే, మోకాళ్ళ నొప్పికి గడప దాటలేని మనిషి "అవును" అంటుంది, అందులో మనసు సంగతి ఎంతుందో కనుక్కోవాలి.

మాటలు కూడా ఊరిని బట్టి మారతాయి. కోస్తాలో బెంగ, దిగులు అంటే తెలంగాణలో "రంది పెట్టుకున్న" అంటారు. చాలామంది మనసు పేరే ఎత్తరు, గుండె దడ అంటారు, నిస్సత్తువ అంటారు, తల దిమ్ముగా ఉందంటారు, నిద్ర పట్టట్లేదంటారు. ఇవన్నీ ముందే కనుక్కుని ప్రశ్న కిందే బ్రాకెట్లో రాసిపెట్టుకోండి, డేటా సేకరించే వాళ్ళందరూ అవే మాటలు వాడండి. ఒకరు ఒకలా ఇంకొకరు ఇంకోలా వివరిస్తే మీరు కొలిచేది పెద్దావిడల్ని కాదు, అడిగినవాళ్ళని.

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో వెంటబెట్టుకు వెళ్ళండి, పరిచయం చేసి ఆవిడ పక్కకి తప్పుకోవాలి. ఫైలు పట్టుకుని కొత్త మనిషి వస్తే మొదట వచ్చే అనుమానం పింఛను. కొందరు తీసేస్తారేమోనన్న భయంతో బాగానే ఉన్నానంటారు, కొందరు పెంచుతారన్న ఆశతో లేని బాధలు కూడా చెబుతారు. రెండు వైపులా డేటా పోతుంది. అందుకని కూర్చోగానే "ఇది పింఛనుకి సంబంధించింది కాదు మామ్మగారూ, రేషన్ కార్డుకీ కాదు, మేము చదువుకునే పిల్లలం, చెప్పడం ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చు" అని నిదానంగా చెప్పండి. సంతకం రాని వాళ్ళకి సమ్మతి పత్రం మొత్తం చదివి వినిపించి, మీ బృందానికి సంబంధం లేని సాక్షి ఎదురుగా వేలిముద్ర తీసుకోవాలి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు.

కోడలు పక్కనుంటే "మిమ్మల్ని బాగా చూసుకుంటారా?" అన్న ప్రశ్నకి ఒక్కటే జవాబు, "బంగారంలా చూసుకుంటారు" అని. నిజమే కావచ్చు, కానీ అది తెలిసే దారి ఉండదు. ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఒకరు కోడలికి ముందు గదిలో బీపీ చూస్తూ పిల్లల టీకాల గురించి మాట్లాడుతుంటే, ఇంకొకరు పెద్దావిడతో పెరట్లో కూర్చోవచ్చు. ఏ చెవి బాగా వినపడుతుందో అడిగి అటువైపే కూర్చోండి. మతిమరుపు బాగా ఉన్నట్టు తోస్తే చిన్న జ్ఞాపకశక్తి పరీక్షతో ముందే వడకట్టాలి, అది మీ ఎంపిక నియమాల్లోనే రాసి ఉండాలి. వయసు 60 నిండినవాళ్ళు అని పెట్టుకుంటే 2007 నాటి వయోవృద్ధుల చట్టంలోని నిర్వచనంతో సరిపోతుంది.

ఇక విద్యార్థుల సంగతి. ఇక్కడ భాష తేలికే, భయం కష్టం. టీచరే క్లాసులోకి వచ్చి ఫారాలు పంచి "నింపండి" అంటే ఏ అమ్మాయి వద్దంటుంది? ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళకి తెలుసు. విద్యార్థుల్ని కూడా బలవంతానికి తేలిగ్గా లోనయ్యే వర్గంగానే ఐసీఎంఆర్ చూస్తుంది. కాబట్టి పాఠం చెప్పే మనిషి ఆ గదిలో ఉండకూడదు, ఫారం మీద పేరూ రోల్ నంబరూ ఉండకూడదు, ఖాళీ ఫారం మడిచి పెట్టెలో వేసే వీలుండాలి. నేను పీజీ చేసేటప్పుడు ఇది తెలియక నా జూనియర్ల దగ్గర చేతికి చేతిగా ఫారాలు తీసుకున్నాను, అందరికీ ఒత్తిడి చాలా తక్కువని వచ్చింది, అదే వారం హాస్టల్లో రాత్రి పన్నెండింటికి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న పిల్లని చూశాను. ఆ రిజల్ట్ నేను ఇప్పటికీ నమ్మను.

వీళ్ళకి పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేలు 10 ప్రశ్నలది సరిపోతుంది, గత నెలలో ఒత్తిడి ఎంతగా అనిపించిందో అడుగుతుంది, అందులో నాలుగు ప్రశ్నలకి మార్కులు తిరగేసి వేయాలి. డాస్-21 (డిప్రెషన్, ఆందోళన, ఒత్తిడి మూడింటినీ కొలిచే 21 ప్రశ్నల స్కేలు) వాడితే వచ్చిన స్కోరుని రెండుతో గుణించాకే తీవ్రత పట్టికతో పోల్చాలి, ఇది మర్చిపోయి "అందరూ మామూలుగానే ఉన్నారు" అని రాసిన ప్రాజెక్టు నా చేతికి వచ్చింది. నైట్ డ్యూటీ, మొదటిసారి చూసిన మరణం, ఇంటికి దూరం, ఫీజు బాకీ, ఇవి స్కేలులో ఉండవు, విడిగా అడగండి.

రెండు వర్గాల్నీ ఒకే ప్రాజెక్టులో పెట్టి "ఎవరి మనసు బాగుంది" అని టి-టెస్ట్ (రెండు గుంపుల సగటుల్ని పోల్చే లెక్క) చేయాలని చాలామందికి ఉంటుంది. నేను వద్దంటాను. ఒకరికి ఇరవై ఏళ్ళు, ఒకరికి డెబ్భై, ఒకరు సొంతంగా రాశారు, ఒకరు మీరు అడిగితే చెప్పారు, ఒకరికి చదువుంది, ఒకరికి లేదు. తేడా వస్తే అది దేనివల్లో చెప్పలేరు. దానికన్నా మంచి దారి, విద్యార్థినులు వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు ఒక్కో పెద్దావిడ ఇంటికి వెళ్ళి గంట కూర్చునేలా పెట్టి, ముందూ తర్వాతా ఇద్దరి స్కోర్లూ ఎవరివి వాళ్ళతోనే పోల్చడం. ఇలా వెళ్ళని ఇంకో గుంపు కూడా తప్పకుండా ఉండాలి. ఎందుకో చెబుతాను. ప్రీటెస్టు కార్తీకంలో, పోస్ట్‌టెస్టు సంక్రాంతి వారంలో పెట్టారనుకోండి, హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ పిల్లలు దిగి ఉంటారు, మనవలు ముగ్గు మీద పరిగెడుతుంటారు, ఆవిడ మనసు మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా బాగానే ఉంటుంది. పిల్లలకి యూనివర్సిటీ పరీక్షల ముందు ప్రీటెస్టు, అయ్యాక పోస్ట్‌టెస్టు పెడితే కూడా ఇదే సంగతి. పోలిక గుంపు లేకపోతే పండగకి రావాల్సిన పేరు మీకు వచ్చేస్తుంది. ఎనిమిది వారాలయ్యాక వెళ్ళడం ఒక్కసారిగా మానేయకండి, ఆపేస్తున్నట్టు రెండు వారాల ముందే ఆవిడకి చెప్పాలి, అలవాటు చేసి వదిలేస్తే మనం వెళ్ళకముందుకన్నా ఎక్కువ దిగులు మిగులుతుంది.

ఎంతమంది కావాలంటే, ఎంత శాతంలో ఉందో కనుక్కునే సర్వేకి ముందస్తు అంచనా ఏదీ లేనప్పుడు 50 శాతం అనుకుని లెక్కిస్తారు: పది శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే 96 మంది, ఐదు శాతమైతే 384. ముందూ తర్వాతా పోల్చే పద్ధతికి లెక్క వేరు, స్టాటిస్టిక్స్ సార్‌ని డేటా తీసుకున్నాక కాదు, ముందే కలవండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరైనా "బతకాలని లేదు" అంటే ఏం చేస్తారో మొదటి రోజుకి ముందే కాగితం మీద ఉండాలి. ఫారం పక్కన పెట్టేయాలి, ఒంటరిగా వదలకూడదు, అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసి ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళ ఇతర ఇబ్బందులకి ఎల్డర్‌లైన్ 14567. ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో చీటీ రాసి ఇచ్చి రండి, విద్యార్థుల ఫారం చివర కూడా వేయండి. ఫారం మీద పేరుండదు కాబట్టి ఎక్కువ స్కోరు వచ్చిన అమ్మాయిని మీరు తర్వాత వెతికి పట్టుకోలేరు, ఆ నంబరు తన చేతిలో ముందే ఉండాలి.

వైవా అయిపోయాక ఒకసారి ఆ ఊరికి మళ్ళీ వెళ్ళండి. ఏం తెలిసిందో ఎవరి పేరూ చెప్పకుండా నాలుగు మాటల్లో చెప్పండి, ఆశా కార్యకర్తకి కూడా. బీపీ మెషీన్ తీసుకెళ్ళడం మర్చిపోవద్దు, వెళ్ళగానే ముందు అదే అడుగుతారు, చెయ్యి చాపి కూర్చుంటారు, అప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి.