చిన్న రేడియో స్టూడియోకి తక్కువ ధరలో నమ్మకమైన ఆడియో మిక్సర్ ఎంచుకోవడం ఎలా?

మైకులు, పాటల సౌండ్ అన్నిటినీ కలిపి బయటికి పంపే మిక్సర్ పెళ్లి మండపంలో నాలుగైదు గంటలు పనిచేసి మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది. రేడియో స్టూడియోలో అలా కాదు. పొద్దున్నే ఆన్ చేస్తే రాత్రి ప్రసారం అయ్యేదాకా ఆన్‌లోనే ఉంటుంది. రోజుకి నలుగురైదుగురి చేతులు మారుతుంది. అందుకే సౌండ్ సిస్టమ్ వాళ్లు బాగుందన్న మిక్సర్ రేడియోకి కూడా సరిపోతుందని అనుకోకండి.

ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఒక సాయంత్రం పశువైద్యుడితో ఫోన్-ఇన్ కార్యక్రమం. డాక్టరు గారు వచ్చి కూర్చున్నారు. ఇంకో ఆరు నిమిషాల్లో మొదలవ్వాలి, అంతలో మిక్సర్ మీద లైట్లన్నీ ఆరిపోయాయి. మిక్సర్‌కి ఏమీ కాలేదు, పోయింది దాని అడాప్టర్. మా ఊళ్లో ఏ షాపులోనూ అలాంటిది లేదు. హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటిదాకా ల్యాప్‌టాప్ నుంచి పాత రికార్డింగులే వేశాం. నా లెక్కలో నమ్మకమైన మిక్సర్ అంటే చెడిపోనిదని కాదు. చెడినా మర్నాటికి మళ్లీ నిలబెట్టుకోగలిగేది.

ముందు కాగితం మీద లెక్క వేయండి

షాపుకి వెళ్లే ముందే మీ స్టూడియోలో ఏమేం కలపాలో రాసుకోండి. యాంకర్‌కి ఒక మైక్, అతిథులకి రెండు, పాటలు వేసే కంప్యూటర్, ఫోన్, అవసరానికి ఇంకో ల్యాప్‌టాప్. చాలా చిన్న స్టేషన్లకి మూడు నాలుగు మైకులు, రెండు మూడు స్టీరియో లైన్లు (కంప్యూటర్ లాంటివి కలిపే, ఎడమ-కుడి జంట ఇన్‌పుట్‌లు) ఉంటే చాలు.

పెట్టె మీద రాసిన ఛానెళ్ల (సౌండ్ లోపలికొచ్చే దారుల) సంఖ్య చూసి మోసపోకండి. ఉదాహరణకి యమహా ఎంజీ10ఎక్స్‌యూ పేరులో 10 ఉంది కానీ, దానికి మైకులు పెట్టగలిగేది 4 మాత్రమే. మిగతావి మూడు స్టీరియో జతలు. ఎంజీ12ఎక్స్‌యూకి 6 మైకులు పెట్టొచ్చు. అడగాల్సింది "ఎన్ని ఛానెళ్లు?" అని కాదు, "ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి సాకెట్) మైక్ ఇన్‌పుట్‌లు ఎన్ని?" అని.

తిప్పే నాబ్ కాదు, జరిపే ఫేడర్ ఉండాలి

ఎంజీ10ఎక్స్‌యూలోనూ, బెహ్రింగర్ జెనిక్స్ 1202లోనూ సౌండ్ లెవల్‌కి గుండ్రటి నాబ్‌లే ఉంటాయి. ఎంజీ12ఎక్స్‌యూ, జెనిక్స్ 1204 లాంటి వాటిలో పైకీ కిందికీ జరిపే ఫేడర్లు ఉంటాయి. రికార్డింగ్ ఒక్కటే అయితే నాబ్ చాలు. లైవ్ ప్రసారానికి మాత్రం ఫేడర్ ఉన్నదే తీసుకోమంటాను. పాట తగ్గిస్తూ మైక్ పెంచడానికి రెండు వేళ్లు చాలు, ఏ మైక్ తెరిచి ఉందో దూరం నుంచే కనిపిస్తుంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోని నడిపింది ఊరి మహిళలే. ఇలాంటి స్టేషన్లలో మిక్సర్ ముందు కూర్చునేవాళ్లంతా సౌండ్ ఇంజనీర్లు కాదు. చూడగానే అర్థమయ్యే బోర్డు వాళ్లకి టెన్షన్ తగ్గిస్తుంది.

ఫోన్-ఇన్ చేస్తారా? అయితే ఇక్కడ ఆగండి

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. శ్రోత ఫోన్ చేసినప్పుడు ఆయనకి యాంకర్ గొంతు, అతిథి గొంతు వినిపించాలి. ఆయన గొంతు మాత్రం తిరిగి ఆయనకే వెళ్లకూడదు. వెళ్లిందంటే తన మాట తనకే ఆలస్యంగా వినిపించి తడబడతారు, "హలో, హలో" అంటూ మాట మధ్యలో ఆపేస్తారు. అందుకని ఆయన గొంతు తప్ప మిగతాదంతా ఆయనకి పంపాలి. దీన్నే మిక్స్-మైనస్ అంటారు.

మామూలు మిక్సర్‌లో ఇది ఆక్స్ నాబ్‌తో అవుతుంది. ఒక్కో ఛానెల్ సౌండ్‌ని విడిగా ఇంకో అవుట్‌పుట్‌కి ఎంత పంపాలో చెప్పే నాబ్ ఇది. ఫోన్ నుంచి వచ్చే సౌండ్‌ని ఒక ఛానెల్‌కి ఇవ్వండి. మైకుల ఛానెళ్లలో ఆక్స్ నాబ్ పెంచండి, ఫోన్ ఛానెల్‌లో మాత్రం పూర్తిగా సున్నాలో ఉంచండి. ఆ ఆక్స్ అవుట్‌పుట్‌ని ఫోన్ మైక్ వైపు కలపండి. ఇంతే.

కాబట్టి మీరు కొనే మిక్సర్‌లో ఆక్స్‌కి బయటికి తీసే సాకెట్ ఉందా, లేక ఆ నాబ్ లోపలి ఎకో ఎఫెక్ట్‌కే పనికొస్తుందా అన్నది తప్పకుండా చూడండి. ఆక్స్ 'ప్రీ-ఫేడర్' అయితే, అంటే ఫేడర్ ఎక్కడున్నా సౌండ్ పంపేదైతే, ఇంకా మంచిది. పాట నడుస్తున్నప్పుడు మైక్ ఫేడర్ కింద ఉన్నా శ్రోతతో విడిగా మాట్లాడొచ్చు. "అమ్మా, మీ పేరు చెప్పండి, ఇప్పుడు లైన్‌లోకి తీసుకుంటాను" అని ముందే చెప్పగలిగితే ఆవిడా కంగారు పడదు. ఆవిడ జవాబు మీకు మాత్రమే వినపడాలంటే ప్రతి ఛానెల్‌కీ పీఎఫ్‌ఎల్ బటన్ (ఫేడర్ కింద ఉన్నా ఆ ఛానెల్‌ని హెడ్‌ఫోన్స్‌లో వినిపించేది) కావాలి.

మైక్‌కి సరిపడా గెయిన్ ఉందా?

స్టూడియోల్లో ఎక్కువగా వాడేవి డైనమిక్ మైకులు. వాటి నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని మిక్సర్ ఎంత పెంచగలదో అదే గెయిన్. షూర్ ఎస్‌ఎం7బి మైక్‌కి అయితే కనీసం 60 డీబీ (డెసిబెల్స్) గెయిన్ కావాలి. చౌక మిక్సర్‌లో గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పితే మాట వెనక 'సుస్స్' మని శబ్దం వస్తుంది. గట్టిగా మాట్లాడే యాంకర్‌తో ఇది బయటపడదు. తగ్గు స్వరంతో మాట్లాడే పెద్దావిడ వచ్చిన రోజున తెలుస్తుంది. కండెన్సర్ మైక్ వాడితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ ద్వారానే మిక్సర్ పంపే కరెంటు) ఉండాలి. ఈ ధరలో చాలావాటికి అన్ని మైకులకీ కలిపి ఒకటే స్విచ్ ఉంటుంది. ఫేడర్లు కిందికి దించాకే ఆ స్విచ్ ముట్టుకోండి.

కరెంటు సంగతి

అడాప్టర్‌ని చేతిలోకి తీసుకుని దాని మీద రాసింది చదవండి. చాలా చిన్న మిక్సర్ల అడాప్టర్లు మన మొబైల్ ఛార్జర్లలా డీసీ ఇచ్చేవి కావు. ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి ప్లగ్ కూడా వేరుగా ఉంటుంది. పిన్ పట్టింది కదా అని వేరేది గుచ్చితే బోర్డు పోవచ్చు. విడిగా ఇంకో అడాప్టర్ దొరుకుతుందా అని బేరం మొదలుపెట్టకముందే అడగండి. దొరకదంటే ఆ మోడల్ వదిలేయండి. దొరికితే రెండోది అప్పుడే కొనేయండి. లోపలే పవర్ సప్లై ఉండి మామూలు పవర్ కార్డుతో నడిచే మిక్సర్ మీ బడ్జెట్‌లో దొరికితే నేనైతే దానికే ఓటేస్తాను.

షాపులో పరీక్ష

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, మీ జిల్లా కేంద్రంలో కొన్నా, మీ మైక్, మీ కేబుల్, మీ హెడ్‌ఫోన్స్ వెంట తీసుకెళ్లండి. షాపు వాళ్ల స్పీకర్‌లో వింటే ఏ మిక్సరైనా బాగానే అనిపిస్తుంది.

మైక్ పెట్టి, గెయిన్ నాబ్ ముప్పావు వంతు తిప్పి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం హెడ్‌ఫోన్స్‌లో వినండి. తర్వాత ఫేడర్లన్నీ ఒక్కొక్కటిగా మెల్లగా పైకీ కిందికీ జరపండి. కరకర వినిపిస్తే వద్దు. కొత్త పీస్‌లోనే అలా ఉంటే మన దుమ్ముకి ఆరు నెలలు కూడా ఆగదు. మైక్ సాకెట్‌లో ప్లగ్‌ని కొంచెం కదిపి చూడండి. సాకెట్ చట్రానికి గట్టిగా బిగించి ఉండాలి, ప్లగ్‌తో పాటు ఊగకూడదు. మొబైల్‌ని మిక్సర్ పక్కన పెట్టి కాల్ చేయించండి, హెడ్‌ఫోన్స్‌లో 'టిక్ టిక్ టిర్ర్' అని వస్తే స్టూడియోలోనూ వస్తుంది. వీలైతే గంటసేపు ఆన్‌లో ఉంచమని అడిగి, చివర్లో అడుగున చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే కొనకండి.

యూఎస్‌బీ ఉంటే రికార్డింగ్‌కి బాగా పనికొస్తుంది. కాకపోతే ఈ ధరలో చాలావాటిలో దాని ద్వారా వెళ్లేది చివరి స్టీరియో మిక్స్ ఒక్కటే. ఒక్కో మైక్‌ని విడివిడిగా రికార్డ్ చేయడం కుదరదు.

రేడియో కన్సోల్ కొనాలా?

డీ అండ్ ఆర్ ఎయిర్‌మేట్ లాంటి ప్రసార కన్సోల్స్ రేడియో కోసమే తయారైనవి. మైక్ తెరవగానే స్టూడియో స్పీకర్ వాటంతటవే ఆపేస్తాయి, ఫోన్ లైన్ ఏర్పాటూ వాటిలోనే ఉంటుంది. ధర బాగా ఎక్కువ. మామూలు మిక్సర్‌లో స్పీకర్ దానంతటది ఆగదు కాబట్టి మైకులున్న గదిలో అందరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. ఉండేది ఒకటే హెడ్‌ఫోన్ సాకెట్, అందుకని నలుగురికి పంచే చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

ఇంటికి తెచ్చాక

ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్‌కే, యూపీఎస్ ద్వారా పెట్టండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే 'హమ్' మొదలైతే మిక్సర్‌ని అనుమానించకండి. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు నేరుగా కలవకుండా సౌండ్‌ని మాత్రం పంపేది) పెడితే చాలాసార్లు పోతుంది. పని అయ్యాక పలచటి బట్ట కప్పండి, టీ గ్లాసుని ఆ బల్ల మీదికి రానివ్వకండి. అన్ని లెవల్స్ సరిగ్గా కుదిరిన రోజున మిక్సర్‌ని ఫోటో తీసి, ప్రింట్ వేయించి గోడకి అంటించండి. మర్నాడు ఎవరు డ్యూటీకి వచ్చినా నాబ్‌లు ఆ ఫోటోలో ఉన్నట్టు పెట్టుకుని ప్రసారం మొదలుపెట్టొచ్చు.