ఆటకీ ఫిడేలుకీ కుడి చీలమండ ఒక్కటే

కాలేజీ టీములో నేను రైట్ బ్యాక్‌ని, అంటే కుడి వైపు కాచే డిఫెండర్‌ని. ఫుట్‌బాల్ కాక ఆరేళ్లుగా ఫిడేలు నేర్చుకుంటున్నాను. మాది విజయనగరం. 1919లోనే సంగీత కళాశాల వెలిసిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు కాబట్టి ఫిడేలు ఇక్కడ ఎవరికీ వింత కాదు. "ఫిడేలు నేర్చినోడికి బంతాట ఏటి?" అని మా వీధిలో అడుగుతారు. రెండూ మొదలెట్టిన జూనియర్లేమో నన్ను టైమ్‌టేబుల్ అడుగుతారు. టైమ్ ఎలాగోలా దొరుకుతుంది. ఇబ్బందల్లా ఒంటితోనే.

మన పద్ధతిలో బాసింపట్టు వేసుకుని, కుడి పాదం కాస్త ముందుకు చాపి, ఫిడేలు చివరి మెలికను కుడి చీలమండ మీద ఆనిస్తాం. గ్రౌండులో నాకు ఎక్కువ తన్నులు తగిలేదీ సరిగ్గా అక్కడే. సెకండియర్‌లో ఒక టాకిల్‌లో ఆ కాలు బెణికింది. క్లాసు పోతుందన్న టెన్షన్‌తో ఆ సాయంత్రమే కుంటుకుంటూ వెళ్లి గంటన్నర వాయించాను. లేచేసరికి చీలమండ కొబ్బరిబోండాంలా ఉంది. మూడు వారాలు ఆటా లేదు, ఫిడేలూ లేదు.

కాబట్టి బెణికిన రోజు ఫిడేలు పెట్టె తెరవకండి. గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే డాక్టరుకి చూపించాల్సిందే. ఆ రోజుల్లో సాధన నోటితో చేయండి: తాళం వేస్తూ వర్ణం స్వరాలు, మూడు కాలాల్లో (వేగాల్లో) అలంకారాలు. "గొంతులో లేనిది కమానులోకి ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" అంటారు మా మాస్టారు, కమానంటే తీగల మీద నడిపే కర్ర. ఆ మూడు వారాల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

రోజూ ఫిడేలు ముందు, గ్రౌండు తర్వాత. నేను 4:45కి లేచి ఐదింటి నుంచి ముప్పావు గంట వాయించి, ఆరుంబావుకి గ్రౌండులో ఉంటాను. మొదట్లో తిరగేసి చేశాను. పరిగెత్తి వచ్చిన చేత్తో సరళీ వరుసలు (మొట్టమొదటి స్వర పాఠాలు) నెమ్మదైన మొదటి కాలంలో వాయించి చూడండి, పొడుగు కమాను వణుకు మొత్తం బయటపెడుతుంది. తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి బాసింపట్టు కూడా నిలవదు. సాయంత్రం క్లాసు తప్పదంటే ఆటకీ దానికీ మధ్య గంట విరామం ఇచ్చి, స్నానం చేసి, తొడలు సాగదీసి కూర్చోండి. చెమట చేతులతో తీగలు ముట్టుకుంటే అవి తొందరగా పాడవుతాయి. మ్యాచ్‌కి ఫిడేలు తీసుకెళ్లి ఎండలో వదిలేయకండి. ఒకసారి నాది అతుకు ఊడింది, ఆ ఖర్చు మా నాన్నకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

సంగీతం వల్ల ఆటలో లయ వస్తుందని కొందరంటారు. నాకైతే అవి కోతలే. ఆది తాళం వచ్చినంత మాత్రాన అంచు వెంబడి దూసుకొచ్చే ఏ వింగరూ నన్ను దాటకుండా పోలేదు. పనికొచ్చేది ఒకటుంది. వార్మప్ పరుగులో అడుక్కో అక్షరం (తాళంలో ఒక లెక్క) చొప్పున, ఎనిమిది అడుగులకో ఆవర్తనంగా (తాళం ఒక చుట్టు) స్వరాలు మెల్లగా పైకే అనుకోండి. ఆయాసపడకుండా అనగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగిపోతుంటే తగ్గించండి. పాఠం కూడా అక్కడే కంఠతా వస్తుంది.

ఇక తేదీలు. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు, ఎక్కువగా జనవరిలో వస్తుంది. మా మ్యాచ్‌లూ ఆ రోజుల్లోనే పడతాయి. కాలేజీ తెరవగానే పంచాంగం చూసి ఆ తేదీ ఆటలు నేర్పే పీడీ సారుకి చెప్పండి, మ్యాచ్‌ల తేదీలు తెలియగానే మాస్టారికి చెప్పండి. నేను ముందురోజు చెప్పి తిట్లు తిన్నాను. "ఏట్రా, ఎల్లుండి మ్యాచ్ పెట్టుకుని రేపు కచేరీ ఏటి? కాళ్లు మడిచి కూకుంటే ఎల్లుండి పరిగెడతావేటి?" అన్నారు సారు. మరుసటి సంవత్సరం కొన్ని నెలల ముందే చెబితే, ఆ వారం ఢీకొట్టుకునే ప్రాక్టీసు తప్పించి పాసులూ త్రో-ఇన్‌లూ చేయించారు.

మొన్న జనవరిలో రెండూ ఒకే రోజు పడ్డాయి. పొద్దున్నే విజ్జీ స్టేడియంలో మ్యాచ్, తర్వాత ఆరాధనలో త్యాగరాజు ఐదు పంచరత్న కీర్తనల గానం. అలాంటి రోజు మీకూ వస్తే సంచిలో పొడి తువ్వాలు, అరటిపళ్లు, చీలమండ కట్టు, ఉతికిన పంచె పెట్టుకోండి. ఫిడేలుని శ్రుతి చేసి తోటి విద్యార్థి చేతికి ముందే ఇచ్చి పంపండి. వెనక వరసలో చివర కూర్చుంటే కాలు చాపుకునే చోటుంటుంది. నేను చేరేసరికి నాట, గౌళ రాగాల మొదటి రెండు కీర్తనలు అయిపోయాయి. మాస్టారు వెనక్కి తిరిగి నా మోకాలి మీది మట్టి చూశారు, ఏమీ అనలేదు. మూడోదైన ఆరభి నుంచి అందుకున్నాను.