వరి మడి మీథేన్ లెక్క – 4వ పాఠం: కొలతతో నమూనాను సరిదిద్దడం

గత పాఠంలో వరంగల్ జిల్లా యాసంగి మడి ఒకదానికి డీఎన్‌డీసీ నమూనాను (నేలలోంచి వెలువడే వాయువులను లెక్కగట్టే కంప్యూటర్ నమూనా) 50 సార్లు నడిపాం. ప్రతిసారీ మీథేన్ ఉత్పత్తి గుణకాన్ని 1.0కి కాస్త అటూ ఇటూ జరిపాం. ఇప్పుడు వాటిని చాంబర్ (మడి మీద బోర్లించి, లోపల పోగయ్యే వాయువును కొలిచే పెట్టె) కొలతతో కలపాలి. ఎన్సెంబుల్ కాల్మన్ ఫిల్టర్ అంటే ఇదే.

నాటేసిన 40వ రోజు అనుకోండి. 50 లెక్కల సగటు చదరపు మీటరుకు గంటకు 4.0 మిల్లీగ్రాములు, ప్రామాణిక విచలనం 1.5. చాంబర్ చూపింది 2.5, దాని విచలనం 1.0. వర్గాలు కడితే 2.25, 1.0. గెయిన్ (కొలత వైపు ఎంత జరగాలో చెప్పే అంకె) = 2.25 ÷ 3.25 = 0.69. తేడా –1.5ను దీంతో గుణిస్తే –1.04. కొత్త అంచనా 2.96, విచలనం 0.83.

ఇంతటితో ఆపేస్తే లాభం లేదు. అంకె దిద్దినా గుణకం పాతదే కాబట్టి నాలుగు రోజుల్లో నమూనా మళ్లీ 4 దగ్గరికే ఎక్కుతుంది. గుణకానికీ మీథేన్‌కీ మధ్య కోవేరియన్స్ (రెండూ కలిసి ఎంత మారుతున్నాయో చెప్పే అంకె) 50 లెక్కల్లోంచే తీయండి. అది 0.3 వచ్చిందనుకుంటే, 0.3 ÷ 3.25 = 0.092. దాన్ని –1.5తో గుణిస్తే –0.14. గుణకం 0.86కి దిగుతుంది.

అయితే తప్పు నిజంగా గుణకానిదేనా? కాకతీయ కాలువ కింద వారబందీలో (వంతులవారీగా) నీళ్లొచ్చే మడి మధ్యమధ్య ఆరుతుంది. నేలలోకి ఆక్సిజన్ దిగితే మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు చతికిలబడతాయి. నమూనాకు మాత్రం ‘ఎప్పుడూ 5 సెంటీమీటర్ల నీళ్లు’ అని రాసిచ్చి ఉంటాం. అప్పుడు ఫిల్టర్ ఆ నిందను గుణకం మీద వేస్తుంది. అదే గుణకాన్ని తీసుకెళ్లి నీళ్లు తెగని బోరు మడికి వాడితే లెక్క తక్కువొస్తుంది. ఇది చిన్న తేడా కాదు. ఐపీసీసీ (ఐరాస వాతావరణ మార్పుల నిపుణుల సంఘం) లెక్కింపు మార్గదర్శకాల 2019 సవరణ ప్రకారం నిలువ నీటి మడి మీథేన్‌ను 1 అనుకుంటే, ఒకసారి ఆరితే 0.71, పలుసార్లు ఆరితే 0.55. అందుకే మడిలో చిల్లుల పైపు ఒకటి 15 సెంటీమీటర్ల లోతుకు దించి, రోజూ నీటిమట్టం చూసి నమూనాకు ఇవ్వండి. గుణకం జోలికి ఆ తర్వాతే పోవాలి.

చాంబర్ దగ్గర నేల తొక్కితే బుడగలు ఎగదన్ని కొలత ఉబ్బుతుంది. చెక్క పలక వేసుకుని నిలబడండి. 0, 10, 20, 30 నిమిషాలకు చాంబర్‌లోంచి తీసిన గాలి శాంపిళ్ల అంకెలు సరళరేఖ మీద పడకపోతే ఆ కొలత వదిలేయండి.

కొన్ని కొలతలు కలిపాక 50 లెక్కలూ ఒకచోటికి ముడుచుకుపోతాయి. గెయిన్ సున్నాకు చేరి, ఫిల్టర్ ఇక కొలత మాట వినదు. ప్రతి దిద్దుబాటు తర్వాతా సగటు నుంచి దూరాలను 1.05తో గుణిస్తే కాస్త తెరిపి ఉంటుంది.

అభ్యాసం: చాంబర్ విచలనం 2.0 పెట్టి పై లెక్క మళ్లీ చేయండి. గెయిన్ 0.36, అంచనా 3.46 రావాలి.