న్యూరోఫీడ్‌బ్యాక్, కౌన్సెలింగ్ సిట్టింగులకు ఖర్చునూ వారాల లెక్కనూ ముందే ఎలా వేసుకోవాలి?

పిల్లవాడికి ఏకాగ్రత కుదరడం లేదనో, ఇంట్లో పెద్దవారిని ఆందోళన, నిద్రలేమి వేధిస్తున్నాయనో విశాఖపట్నంలో ఏదైనా థెరపీ కేంద్రానికి వెళ్లినప్పుడు మనం మొదట అడిగేది ఒక్క సిట్టింగుకు ఎంత అని. ఆ జవాబుతో ఇంటి ఖర్చు లెక్క తేలదు. న్యూరోఫీడ్‌బ్యాక్ (మెదడు తరంగాలను సెన్సర్లతో గమనిస్తూ ఇచ్చే శిక్షణ), కౌన్సెలింగ్ వంటి చికిత్సలు నెలల తరబడి సాగుతాయి. డబ్బు చాలకనో, తీరిక దొరకకనో సగంలో మానేస్తే అప్పటిదాకా పెట్టినది చాలావరకు వృథా అవుతుంది. అందుకే మొత్తం కోర్సుకయ్యే ఖర్చు, వారానికి ఎన్నిసార్లు వెళ్లగలరు, కొనసాగించాలో ఆపాలో ఏ తేదీన తేల్చుకుంటారు అనే మూడింటినీ మొదటి రూపాయి కట్టకముందే కాగితం మీద రాసుకోవాలి.

మొదటి పని: నిర్ధారణ వేరేచోట చేయించుకోండి

సిట్టింగులు అమ్మే చోటే సమస్యను నిర్ధారించుకోవడం మంచిది కాదు. ముందుగా సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో విడిగా కలవండి. ప్రైవేటు ఫీజు భారమనుకునేవారికి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు, బీమా క్లెయిము వేళ అది ఎలాగూ కావాలి. థైరాయిడ్, రక్తహీనత, వినికిడి లోపం వంటివి ఏకాగ్రత లోపంలా కనిపించే సందర్భాలున్నాయి కనుక డాక్టరు అవసరమన్న పరీక్షలు ఈ దశలోనే పూర్తిచేయాలి.

రెండో పని: దేనికి డబ్బు కడుతున్నారో తెలుసుకోండి

న్యూరోఫీడ్‌బ్యాక్‌లో తల మీద కొన్నిచోట్ల చర్మాన్ని తుడిచి, జిగురుగా ఉండే పేస్టుతో సెన్సర్లు అంటించి, చెవి తమ్మెకు ఒక క్లిప్పు పెడతారు. పిల్లవాడు తెర మీద బొమ్మల సినిమా చూస్తుంటాడు. మెదడు తరంగాలు కోరిన తీరులో ఉన్నంతసేపూ బొమ్మ స్పష్టంగా ఉంటుంది, మారగానే మసకబారుతుంది. దీని ద్వారా మెదడు తనను తాను సర్దుకోవడం నేర్చుకుంటుందని భావన. ఒక్కో సిట్టింగు సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. సెన్సర్లు సరిగా అంటుకోవాలంటే జుట్టు శుభ్రంగా, పొడిగా ఉండాలి. మన ఇళ్లలో పిల్లల తలకు నూనె పెట్టి పంపడం అలవాటు కాబట్టి ఆ రోజు మాత్రం అది మానాలి, ఇంటికి వచ్చాక పేస్టు పోయేలా తలస్నానం చేయించాలి. ఈ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఫలితాల సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. అమెరికాలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే సమస్య) ఉన్న పిల్లలకు 38 సిట్టింగుల చొప్పున ఇచ్చి చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అందులో కొందరికి అసలు చికిత్సను, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి చికిత్సను, ఎవరికి ఏది అందుతున్నదీ తల్లిదండ్రులకూ పిల్లలకూ తెలియకుండా ఇచ్చారు. రెండు జట్ల పిల్లలూ మెరుగుపడ్డారు. చికిత్స ముగిసేసరికి జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఆ మెరుగుదలలో క్రమం తప్పని శ్రద్ధకూ నమ్మకానికీ పెద్ద పాలు ఉండవచ్చు. కౌన్సెలింగ్, ముఖ్యంగా ఆందోళనకూ కుంగుబాటుకూ ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే పద్ధతి), చిన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ, వీటికి ఇంతకంటే గట్టి ఆధారాలున్నాయి. కాబట్టి రెండింటికీ డబ్బు చాలనప్పుడు కౌన్సెలింగ్‌కే ముందు కేటాయించాలన్నది నా గట్టి అభిప్రాయం. న్యూరోఫీడ్‌బ్యాక్ మొదలుపెట్టామని డాక్టరును అడగకుండా మందులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు.

మూడో పని: వారాల లెక్క

న్యూరోఫీడ్‌బ్యాక్‌కు వారానికి రెండు మూడు చొప్పున 20 నుంచి 40 సిట్టింగులు సూచించడం మామూలు. కౌన్సెలింగ్ మొదట్లో వారానికొకటి, కుదుటపడ్డాక రెండు వారాలకొకటి చొప్పున సాగుతుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని దసరా, సంక్రాంతి సెలవులను, మార్చి పరీక్షలను, అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానుల వల్ల బడులు మూసే రోజులను దాటుకుని వరుసగా నాలుగు నెలలు ఎక్కడ దొరుకుతాయో చూడండి. గాజువాక నుంచి ఎంవీపీ కాలనీకి సాయంత్రం వేళ వారానికి మూడుసార్లు వెళ్లి రావడం కాగితం మీద సులువుగానే కనిపిస్తుంది. ఎన్ఏడీ కూడలి దాటి, ఆకలితో, హోంవర్కు మిగిలి ఉన్న పిల్లవాడు తెర ముందు కూర్చున్నప్పుడు ఆ సిట్టింగు వల్ల ఎంత మేలు జరుగుతుందో ఆలోచించాలి. దూరం ఎక్కువైతే వారానికి రెండే పెట్టుకుని, అందులో ఒకటి శనివారం ఉదయం ఉండేలా, కౌన్సెలింగ్ కూడా అదే రోజున కలిసేలా అడగండి.

నాలుగో పని: డబ్బు లెక్క

కేవలం పద్ధతి తెలియడం కోసం కొన్ని అంకెలు అనుకుందాం. వాటి స్థానంలో మీరు వెళ్లే చోట చెప్పిన ధరలు వేసుకోండి. మొదటి పరీక్షకు 3,000 రూపాయలు. న్యూరోఫీడ్‌బ్యాక్ సిట్టింగు 1,200 చొప్పున 30 సిట్టింగులకు 36,000. కౌన్సెలింగ్ 1,000 చొప్పున 12 సార్లకు 12,000. రాకపోకలకు రోజుకు 200 చొప్పున, కౌన్సెలింగ్ అదే రోజుల్లో కలిపేస్తే 30 రోజులకు 6,000. విడివిడిగా వెళితే 42 రోజులకు 8,400. కలిపి వెళితే మొత్తం 57,000 అవుతుంది. అనుకోని ఖర్చులకు పదో వంతు చేరిస్తే 62,700. వారానికి రెండు చొప్పున ఇది ఇంచుమించు మూడున్నర నెలల పని కాబట్టి నెలకు సుమారు 18,000 పక్కన పెట్టగలగాలి. తోడు వెళ్లేవారికి రోజుకూలి పోయేట్టయితే అదీ కలపాలి.

ఈ మొత్తం మీ శక్తికి మించితే సిట్టింగులను వారానికొకటిగా సాగదీసి భారం తగ్గించుకోవాలనిపిస్తుంది. పరిశోధనల్లో ఎక్కువగా పాటించినది వారానికి రెండు మూడు సిట్టింగుల పద్ధతి కనుక నేనైతే న్యూరోఫీడ్‌బ్యాక్‌ను పూర్తిగా పక్కనబెట్టి, ఆ డబ్బుతో కౌన్సెలింగ్‌ను తెగిపోకుండా నడిపించమంటాను. అప్పు చేసి ఈ చికిత్స మొదలుపెట్టవద్దు.

ఐదో పని: ప్యాకేజీ మాట్లాడుకోవడం

40 సిట్టింగులకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. పదేసి సిట్టింగులకు కట్టే వీలు అడగండి. ఒప్పుకోకపోతే మధ్యలో ఆపినప్పుడు మిగిలిన డబ్బు ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. జ్వరం వచ్చినా, వాన ముంచెత్తినా తప్పిపోయిన సిట్టింగును తర్వాత ఇస్తారా, ఎన్ని గంటల ముందు చెప్పాలి, సిట్టింగు నడిపేది శిక్షణ పొందినవారా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి. పూర్తిగా నయమవుతుందని హామీ ఇచ్చేవారి దగ్గర డబ్బు కట్టకండి.

బీమా, ప్రభుత్వ సహాయం

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా కంపెనీలు రక్షణ కల్పించాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరినప్పుడే చెల్లిస్తాయి. సిట్టింగులు ఔట్‌పేషెంటు కిందకు వస్తాయి కనుక మీ పాలసీలో ఆ సదుపాయం ఉందా, న్యూరోఫీడ్‌బ్యాక్‌ను అంగీకరిస్తారా అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది, అందులో థెరపీలకూ కొంత భాగం ఉంటుంది. ప్రతి సిట్టింగుకూ తేదీ, చికిత్స పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న రసీదు తీసుకోండి.

చివరి పని: ఆగి చూసే తేదీలు

మొదలుపెట్టే ముందు వారంలో రెండు మూడు విషయాలను రోజూ నోట్‌బుక్కులో రాయండి: హోంవర్కుకు లేవకుండా ఎన్ని నిమిషాలు కూర్చున్నాడు, ఎన్నింటికి నిద్రపోయాడు, బడి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. పదో సిట్టింగు తర్వాత, ఇరవయ్యో సిట్టింగు తర్వాత మళ్లీ ఒక్కో వారం అలాగే రాసి పోల్చండి. టీచరు అభిప్రాయం విడిగా అడగండి, ఎందుకంటే డబ్బు కట్టిన మనకు మార్పు కనిపించాలనే ఆశ ఉంటుంది. ఆ నోట్‌బుక్కును కేంద్రం వారికి కాక, మొదట నిర్ధారించిన డాక్టరుకు చూపించండి. ఇరవై దాటినా తేడా లేకపోతే న్యూరోఫీడ్‌బ్యాక్ ఆపి, రిపోర్టులన్నీ తీసుకుని, మిగిలిన బడ్జెట్‌ను కౌన్సెలింగ్‌కు మళ్లించండి. సిట్టింగుల మధ్య ఇబ్బంది ఎక్కువైతే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వం నడిపే ఈ టెలి మానస్ సేవ ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.