మంచు పడకముందే స్నోబ్లోవర్‌కు నూనె, గ్రీజు: ఎక్కడ ఏది వేయాలి, ఎక్కడ ఏదీ వేయకూడదు

దసరాకు కారు కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే అలవాటు అమెరికా, కెనడాల్లో చలి ఊళ్లకు వెళ్లినా మనవాళ్లు చాలామంది వదల్లేదు. ఆ రోజే గ్యారేజ్ మూలన ఉన్న, ఇంటి ముందు పడ్డ మంచును ఎత్తి పక్కకు ఎగరేసే యంత్రం, స్నోబ్లోవర్‌ను కూడా బయటికి లాగండి. ఇంకా టైముందిలే అనుకోవద్దు. 1991లో మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో సరిగ్గా హాలోవీన్ రోజు, అక్టోబర్ 31న మొదలైన మంచు నవంబర్ 3 దాకా పడుతూనే ఉంది. మొత్తం 28.4 అంగుళాలు. ఒకసారి మంచు పడిందంటే సర్వీసు షాపుల్లో మన వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

నూనె వేసే పనిని చాలామంది ఒక్క స్ప్రే డబ్బాతో కానిచ్చేస్తారు. దొరికిన సందులోకల్లా కొట్టి, సర్వీసు అయిపోయిందంటారు. నష్టం అక్కడే మొదలవుతుంది. ఈ యంత్రంలో ఒకచోట పలుచని ఆయిల్ కావాలి, ఒకచోట చిక్కటి గ్రీజు కావాలి, ఒకచోట తడి ఆరిపోయే స్ప్రే కావాలి. ఒకచోటైతే చుక్క జిడ్డు కూడా తగలకూడదు.

చాలా ఇళ్లలో కనిపించే డబ్ల్యూడీ-40 సంగతే తీసుకోండి. 1953లో శాన్ డియాగోలో దాన్ని తయారు చేసింది లోహం మీద తేమను తరిమి తుప్పు రాకుండా చూడటానికి. తుప్పు పట్టిన బోల్టు వదులు చేయడానికి, పాత జిడ్డు తుడవడానికి బాగా పనికొస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మిగిలే పొర చాలా పలుచన. చలికాలమంతా తడి మంచులో తిరిగే ఇరుసుకు అది సరిపోదు. దానితో శుభ్రం చేసి, తుడిచి, ఆ తర్వాత అసలు గ్రీజు వేయాలి.

చెయ్యి పెట్టే ముందు

ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి పక్కకు పెట్టండి. మార్చాల్సిన పాత ఆయిల్ బాగా దిగాలంటే ఇంజన్ కాస్త వేడెక్కాలి కాబట్టి ముందు కొన్ని నిమిషాలు నడపాల్సి ఉంటుంది. ఆ పని డ్రైవ్‌వే మీదే చేయండి. గ్యారేజ్ తలుపు తెరిచే ఉంది కదా అని లోపల నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గ్యారేజ్‌లోంచి ఇంట్లోకి చేరిపోతుంది.

అడుగు భాగం చూడటానికి యంత్రాన్ని ముందుకు వంచి నిలబెట్టాల్సి వస్తే, ముందు పెట్రోలు ఖాళీ చేయండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం నుంచి కారుతుంది. స్ప్రే డబ్బాల్లో చాలావాటికి మండే గ్యాసే వాడతారు. చాలా ఇళ్లలో వాటర్ హీటరు గ్యారేజ్‌లోనే ఉంటుంది, దాని మంట ఎప్పుడు వెలుగుతుందో మనకు తెలియదు. స్ప్రే పని కూడా ఆరుబయటే పెట్టుకోండి.

ఇంజన్ ఆయిల్

ఎండాకాలం గడ్డి కోసే మిషన్‌కు పోసి మిగిలిన ఎస్‌ఏఈ 30 అనే చిక్కదనం గ్రేడు ఆయిల్ ఇందులో పోయొద్దు. డిసెంబర్‌లో కొబ్బరినూనె సీసా ఎలా గడ్డకడుతుందో మనకు తెలిసిందే. మినరల్ ఆయిల్ పూర్తిగా అలా గడ్డకట్టకపోయినా, గట్టి చలిలో బాగా చిక్కబడుతుంది. తాడు లాగితే ఇంజన్ తిరగదు. తిరిగినా ఆయిల్ లోపలి భాగాలకు చేరేలోపే అరుగుదల మొదలవుతుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు ఎక్కువ కంపెనీలు చెప్పేది 5డబ్ల్యూ-30. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 5డబ్ల్యూ ఆయిల్ మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ఇంజన్‌ను తిరగనిచ్చేంత పలుచగా ఉండాలని ప్రమాణం. 0డబ్ల్యూకు అది మైనస్ 35, 10డబ్ల్యూకు మైనస్ 25. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే సుమారు మైనస్ 33 సెల్సియస్. అలాంటి చలి వచ్చే ఊళ్లలో, యంత్రాన్ని షెడ్డులోనో బయటో ఉంచేవాళ్లు మాన్యువల్ ఒప్పుకుంటే 0డబ్ల్యూ-30 సింథటిక్ తీసుకోవడం మంచిది. మిగతావాళ్లకు 5డబ్ల్యూ-30 సింథటిక్ చాలు. చాలా ఇంజన్లకు లీటరు దాకా కూడా పట్టదు కాబట్టి మంచి రకం కొన్నా జేబుకు భారం కాదు.

కొత్త యంత్రమైతే మొదటి ఆయిల్ తొందరగా మార్చాలి. లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకుని వచ్చే సన్నటి లోహపు పొడి అందులోకే చేరుతుంది. మొదటి 5 గంటల తర్వాతే మార్చమనే కంపెనీలున్నాయి. ఆ తర్వాత సీజన్‌కు ఒకసారి మారిస్తే ఇంటి వాడకానికి సరిపోతుంది. డిప్‌స్టిక్ గీత దాటి పోయొద్దు. పాత టూ స్ట్రోక్ మిషన్ అయితే పెట్రోల్లో కలిపే ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లకు చేసినదే కావాలి, పడవ ఇంజన్ల ఆయిల్ కాదు.

ఆగర్ షాఫ్ట్: అన్నిటికన్నా ముఖ్యమైన చోటు

సర్వీసు మొత్తంలో ఒక్క పనే చేసే తీరిక ఉంటే ఇది చేయండి. మంచును కోసి మధ్యకు తోసే మెలికల రేకులున్నాయే, అదే ఆగర్. అది లోపలి షాఫ్ట్‌కు వెల్డ్ చేసి ఉండదు. షాఫ్ట్ మీద తొడిగిన గొట్టంలా ఉంటుంది. రెండింటినీ కలిపి తిప్పేది షియర్ పిన్ అనే చిన్న పిన్ను. రాయో, గడ్డకట్టిన న్యూస్‌పేపర్ కట్టో అడ్డం పడితే ఆ పిన్ను విరిగి ఆగర్ ఆగిపోతుంది, గేర్‌బాక్స్ బతుకుతుంది. కొద్దిపాటి ఖర్చుతో పోయే పిన్ను అది.

గొట్టానికీ షాఫ్ట్‌కీ మధ్య గ్రీజు లేకపోతే ఉప్పు కలిసిన మంచునీళ్లు దూరి, రెండు మూడేళ్లలో తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి. అలా పట్టేశాక పిన్ను విరిగినా ఆగర్ ఆగదు. దెబ్బంతా గేర్‌బాక్స్ మీద పడుతుంది. అప్పుడు రిపేరు బిల్లు చూసి చాలామంది కొత్త మిషనే కొనేస్తారు. అంత టెన్షన్ ఎందుకు?

చేయాల్సిందిలా. రెండు వైపులా షియర్ పిన్నులు తీసేయండి. గట్టి గ్లోవ్స్ వేసుకుని, ఒక్కో వైపు ఆగర్‌ను చేత్తో తిప్పి చూడండి. షాఫ్ట్ కదలకుండా ఆగర్ ఒక్కటే తిరగాలి. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) ఉంటే తుడిచి గన్‌తో గ్రీజు ఎక్కిస్తూ ఆగర్‌ను తిప్పండి. ముందుగా గొట్టం చివర్లలోంచి నల్లటి పాత గ్రీజు, దానితో తుప్పురంగు నీళ్లు వస్తాయి. కొత్త గ్రీజు దాని అసలు రంగులో కనిపించేదాకా ఆపొద్దు. నిపుల్ లేని మోడల్ అయితే పిన్ను రంధ్రాల్లో, చివరి సందుల్లో ఆయిల్ వేసి తిప్పుతూ లోపలికి ఇంకనివ్వండి. తర్వాత కంపెనీ పిన్నులే పెట్టండి. "ఇది మళ్లీ మళ్లీ విరుగుతోంది" అని గట్టి స్టీలు బోల్టు బిగించారంటే గేర్‌బాక్స్‌కున్న రక్షణను చేతులారా తీసేసినట్టే.

ఏ గ్రీజు? ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు గట్టిదనం కొలత) లిథియం కాంప్లెక్స్ గ్రీజు మామూలుగా సరిపోతుంది. బాగా చలి ఊళ్లలో సింథటిక్ రకం నయం. గ్రీజులన్నీ ఒకదానితో ఒకటి కలవవు. కొన్ని కలిస్తే నీరుగారిపోతాయి. ఒక రకం మొదలుపెడితే దానితోనే ఉండండి.

గేర్‌బాక్స్

ఆగర్ మధ్యలో ఉండే ముద్దలాంటి పెట్టె ఇది. ఇందులో ఏం పోయాలో మాన్యువల్ చూడకుండా నిర్ణయించొద్దు. కొన్నింట్లో 80డబ్ల్యూ-90 లాంటి గేర్ ఆయిల్, కొన్నింట్లో సింథటిక్ గేర్ ఆయిల్, కొన్నింట్లో 00 గ్రేడు జారుడు గ్రీజు ఉంటుంది. కొన్ని అసలు విప్పక్కర్లేకుండా సీల్ చేసి వస్తాయి. లోపల కంచు గేరు ఉండే అవకాశముంది, గేర్ ఆయిల్‌లో కలిపే కొన్ని గంధకపు మందులు కంచును తినేస్తాయి. అందుకే "గేర్ ఆయిలే కదా" అని కారుకు తెచ్చింది పోయకూడదు. నిండా కూడా నింపొద్దు. నడుస్తున్నప్పుడు వేడికి వ్యాకోచించిన ఆయిల్ సీలును తోసుకుని బయటికొస్తుంది. మంచు మీద ఆయిల్ మరక కనబడితే ముందు సీలు చూడండి.

జిడ్డు తగలకూడని చోటు

చాలా టూ స్టేజ్ యంత్రాల్లో (ఆగర్ మంచును తెస్తే వెనక ఫ్యాన్ విసిరేవి) చక్రాలకు బలం అందించేది ఒక రబ్బరు అంచున్న చక్రం. అది లోహపు పళ్లెం మీద ఒరుసుకుంటూ తిరుగుతుంది. వెనక అడుగు పలక విప్పితే కనబడుతుంది. ఆ రబ్బరు మీద గానీ, పళ్లెం మీద గానీ ఆయిల్ పడిందా, చక్రాలు జారిపోతాయి. బండి ముందుకు కదలదు. పొరపాటున తగిలితే బ్రేక్ క్లీనర్ గుడ్డకు పట్టించి తుడవండి. పక్కనున్న ఆరు పలకల షాఫ్ట్‌కు మాత్రం ఆయిల్ కావాలి. దానికి స్ప్రే కొట్టకుండా, గుడ్డకు నాలుగు చుక్కలు అద్ది రుద్ది, మిగిలింది తుడిచేయండి. బెల్టులకూ ఇదే మాట, అవి కిచకిచలాడుతున్నాయని వాటి మీద ఏదీ కొట్టొద్దు. సింగిల్ స్టేజ్ (ఆగర్ ఒక్కటే మంచును విసిరే) మిషన్ల రబ్బరు రెక్కలకు పెట్రోలియం గ్రీజు తగలకుండా చూసుకోండి.

చ్యూట్, అంటే మంచును ఎగరేసే గొట్టం, లోపల గ్రీజు రాస్తే మంచూ మట్టీ అక్కడే అంటుకుంటాయి. శుభ్రంగా కడిగి ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టండి. పలుచని పొరగా రెండు మూడుసార్లు కొట్టి, ప్రతిసారీ ఆరనివ్వాలి. నేల మీదికి జారితే అక్కడ కాలు నిలవదు, కింద అట్టముక్క వేసుకోండి. చ్యూట్ తిరిగే పళ్లచక్రానికి మాత్రం కాస్త గ్రీజు పెట్టొచ్చు.

ఎంత సిలికాన్ కొట్టినా, సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచు, రోడ్డు మీద మంచు తోసే ప్లౌ బండి వచ్చి డ్రైవ్‌వే మొదట్లో తోసిపోయే గట్టు, చ్యూట్‌ను మూసేస్తాయి. అప్పుడు చెయ్యి పెట్టొద్దు. ఇంజన్ ఆపినా పెట్టొద్దు. ఇరుక్కున్న ఫ్యాన్‌లో బిగువు మిగిలి ఉంటుంది, మంచు వదలగానే ఒక్కసారిగా తిరుగుతుంది. వేళ్లు తెగేది అలాగే. యంత్రంతో వచ్చిన ప్లాస్టిక్ కర్రనే వాడండి. ఆ కర్ర పోతే కొత్తది కొనే దాకా యంత్రం బయటికి తీయకండి.

చక్రాలు ఊడదీసి ఇరుసుకు గ్రీజో, పట్టేయకుండా చూసే యాంటీ సీజ్ పూతో రాస్తే పంక్చర్ అయిన రోజు సుత్తితో కొట్టే పని ఉండదు. కేబుల్ తొడుగుల్లో నీరు చేరి గడ్డకడితే లివర్లు వదలవు, కాబట్టి పొడిగా మిగిలే కేబుల్ లూబ్ వేసి ఆడించండి.

తీసేసిన ఆయిల్‌ను డ్రైనేజీలోనో, పెరట్లోనో పారబోయొద్దు. మూత ఉన్న డబ్బాలో పట్టి ఆటో పార్ట్స్ దుకాణానికి తీసుకెళ్లండి, చాలాచోట్ల ఉచితంగా తీసుకుంటారు. అందులో పెట్రోలు గానీ బ్రేక్ క్లీనర్ గానీ కలిపితే మాత్రం తీసుకోరు.