అప్‌డేట్ తర్వాత లినక్స్‌లో ఆట తెరుచుకోకపోతే ఏం చేయాలి?

విశాఖపట్నంలో కంప్యూటర్ మొరాయిస్తే మొదటి అనుమానం సముద్రపు ఉప్పుగాలి మీదికే పోతుంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దడం, గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి మళ్ళీ బిగించడం, అప్పటికీ లాభం లేకపోతే ద్వారకానగర్‌లోని ఏదో ఒక మరమ్మతు దుకాణానికి మోసుకెళ్ళడం మనలో చాలామందికి అలవాటు. అయితే నిన్న రాత్రి వరకు చక్కగా నడిచిన ఆట, ఈ ఉదయం సిస్టమ్ అప్‌డేట్ ముగిశాక ‘ప్లే’ నొక్కగానే క్షణంపాటు నడుస్తున్నట్లు చూపించి ఆగిపోతుంటే, క్యాబినెట్ మూత తీయవలసిన పని లేదు. ఆటను తొలగించి మళ్ళీ దించుకోవడం కూడా దండగే. మారినది ఆట కాదు. దాని కింద ఉన్న కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్, ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీలలో ఏదో ఒకటి.

ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన ఆదేశాలను టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలతో టైపు చేయాలి.

ముందుగా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌లో ఒక భాగం కెర్నెల్‌లో మాడ్యూల్‌గా (దానికి తగిలించే ముక్కగా), మరొక భాగం లైబ్రరీలుగా ఉంటుంది. అప్‌డేట్ వల్ల డిస్కు మీద లైబ్రరీలు కొత్తవి అవుతాయి గానీ, మెమరీలో పాత మాడ్యూలే నడుస్తూ ఉంటుంది. అప్పుడు ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ అని కొడితే రెండింటి వెర్షన్లు కలవడం లేదని చెబుతుంది. దీనికి రీస్టార్ట్ తప్ప వేరే మందు అక్కరలేదు.

రీస్టార్ట్ తర్వాతా ఆట రాకపోతే, ఏం మారిందో చూడాలి. ఉబుంటు అనే లినక్స్ పంపిణీలో (అంటే లినక్స్ రూపంలో) ‘వార్’ ఫోల్డర్‌లోని ‘లాగ్’లో, ‘ఆప్ట్’ అనే ఫోల్డర్‌లో ఉండే ‘హిస్టరీ.లాగ్’ ఫైలు ఏ రోజు ఏ ప్యాకేజీ మారిందో వరుసగా చూపిస్తుంది. మరో పంపిణీ అయిన ఫెడోరాలో ‘డీఎన్ఎఫ్ హిస్టరీ’ అదే పని చేస్తుంది. తుపాను రోజుల్లో అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయి ఉంటే, ఉబుంటులో ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ అని ఇచ్చి ఆగిన పనిని పూర్తి చేయించాలి. ఆ తర్వాత ఆటలన్నీ ఆగిపోయాయా, ఒక్కటే ఆగిపోయిందా అన్నది గమనించాలి. అన్నీ ఆగితే డ్రైవర్ వైపు, ఒక్కటే ఆగితే విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ వైపు వెతకడం మంచిది.

డ్రైవర్ సంగతి

ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతి పేరు వల్కన్; ‘వల్కన్‌ఇన్ఫో --సమ్మరీ’ అని కొట్టి, జాబితాలో మీ గ్రాఫిక్స్ కార్డు పేరు ఉందో లేదో చూడాలి. అందులో ‘ఎల్ఎల్‌వీఎం‌పైప్’ ఒక్కటే కనిపిస్తే, కార్డును పక్కనబెట్టి ప్రాసెసరే బొమ్మలు గీస్తోందని అర్థం. ఏఎండీ, ఇంటెల్ కార్డుల డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి, అక్కడ సాధారణంగా మెసా (ఆ కార్డుల గ్రాఫిక్స్ లైబ్రరీలు) ప్యాకేజీలను సరిచూసుకుంటే సరిపోతుంది. చిక్కంతా ఎక్కువగా ఎన్విడియాతోనే.

కెర్నెల్ మారిన ప్రతిసారీ ఆ కెర్నెల్‌కు తగిన మాడ్యూల్ ఉండాలి. చాలా పంపిణీలలో డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని అక్కడికక్కడ తయారు చేస్తుంది. ఆ కెర్నెల్ హెడర్ల (మాడ్యూల్ తయారీకి కావలసిన ఫైళ్ళ) ప్యాకేజీ లేకపోతే తయారీ జరగదు. అటువంటి పంపిణీలలో ‘యూనేమ్ -ఆర్’ చూపించే కెర్నెల్ పేరు ‘డీకేఎంఎస్ స్టేటస్’ జాబితాలో ‘ఇన్‌స్టాల్డ్’ అన్న మాటతో కనిపించాలి. కనిపించకపోతే హెడర్లను స్థాపించి, ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’ ఇచ్చి రీస్టార్ట్ చేయాలి.

మాడ్యూల్ తయారైనా లోడ్ కాకపోతే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సంతకాలు తనిఖీ చేసే సెక్యూర్ బూట్‌ను అనుమానించాలి. అది సంతకం లేని మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు. ఆ సంతకపు తాళంచెవిని నమోదు చేయమని, రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఒక నీలి తెర వస్తుంది. నేను ఒకసారి దాన్ని చూసి విండోస్ నీలి తెర గుర్తొచ్చి, కంగారులో ‘కంటిన్యూ బూట్’ నొక్కేసి, సాయంత్రమంతా డ్రైవర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను. అక్కడ ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, డ్రైవర్ స్థాపించేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి.

ఇవేవీ తేలకపోతే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోని ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ ద్వారా పాత కెర్నెల్‌తో మొదలుపెట్టి చూడాలి. ఆట నడిస్తే దోషం కొత్త కెర్నెల్‌దని తేలినట్లే.

32-బిట్ లైబ్రరీలు

ఆటలు కొని ఆడుకునే స్టీమ్ యాప్‌కూ, చాలా పాత ఆటలకూ ఇవి కావాలి. 2019లో ఉబుంటు వీటిని మానేస్తామని ప్రకటించి, ఆటగాళ్ళ వైపు నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో కొన్నింటిని కొనసాగించింది. 64-బిట్ డ్రైవర్, 32-బిట్ డ్రైవర్ ఒకే వెర్షన్‌లో ఉండాలి. ఒకటి ముందుకు పోయి మరొకటి వెనకబడితే, కొత్త ఆటలు నడుస్తూ పాతవి మాత్రమే ఆగిపోతాయి. ఫ్లాట్‌ప్యాక్ (యాప్‌లను సిస్టమ్ నుంచి విడిగా స్థాపించే పద్ధతి) ద్వారా స్టీమ్ పెట్టుకున్నవారికి ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది: అది తన సొంత ఎన్విడియా లైబ్రరీలను వాడుతుంది కనుక, సిస్టమ్ డ్రైవర్ మారిన ప్రతిసారీ ‘ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్’ కూడా ఇవ్వాలి.

ప్రోటాన్

విండోస్ ఆటలను నడిపే ప్రోటాన్ 8 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. 470 వెర్షన్ డ్రైవర్‌తోనే ఆగిపోయిన పాత ఎన్విడియా కెప్లర్ కార్డులకు అది లేదు. అటువంటివారు ఆట ప్రాపర్టీస్‌లోని ‘కంపాటిబిలిటీ’ భాగంలో ప్రోటాన్ 7 ఎంచుకోవాలి. కారణం తెలియనప్పుడు లాంచ్ ఆప్షన్స్‌లో ‘ప్రోటాన్_లాగ్=1 %కమాండ్%’ అని, మొదటి రెండు మాటలు పెద్ద అక్షరాలతో రాస్తే, హోమ్ ఫోల్డర్‌లో లాగ్ ఫైలు తయారవుతుంది. ప్రోటాన్ ప్రతి ఆటకూ విడిగా ఫైళ్ళు దాచే ‘కంపాట్‌డేటా’లోని ఆ ఆట ఫోల్డర్‌ను తీసేయమన్న సలహా తరచుగా వినిపిస్తుంది గానీ, సేవ్ ఫైళ్ళు అందులోనే ఉండవచ్చు. కాబట్టి తొలగించకుండా పేరు మార్చి చూడాలి.

కొన్నిసార్లు మన చేతిలో ఏమీ ఉండదు. 2022 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.36 (లినక్స్ ప్రోగ్రాములకు ఆధారమైన మూల లైబ్రరీ)లో చేసిన చిన్న మార్పు వల్ల, ఆటలో మోసాన్ని పట్టే ఈజీ యాంటీ-చీట్ వాడే కొన్ని ఆటలు ఆగిపోయాయి. పంపిణీలు ఆ మార్పును వెనక్కి తీసుకునేదాకా ఆటగాళ్ళు ఆగవలసి వచ్చింది. డ్రైవర్ విషయంలో అలా జరిగితే, పాత వెర్షన్‌కు వెళ్ళి, ఉబుంటులో ‘సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్’ తర్వాత ప్యాకేజీ పేరు ఇచ్చి దాన్ని అక్కడే నిలపవచ్చు. భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి కనుక, సరైన వెర్షన్ వచ్చిన రోజునే ‘అన్‌హోల్డ్’ చేయాలి.