హైదరాబాద్ బ్రాంచిలో ఖాతా, శ్రీకాకుళంలో ఇల్లు: బ్యాంకు పనులు ఎలా చక్కబెట్టుకోవాలి

శ్రీకాకుళం జిల్లాలో హైదరాబాద్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. మియాపూర్, కూకట్‌పల్లి, పటాన్‌చెరు ప్రాంతాల్లో భవన నిర్మాణంలోనో, ఫ్యాక్టరీలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో చేరిన వారికి జీతం వేయడం కోసం యాజమాన్యం దగ్గర్లో ఉన్న ఏదో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో ఖాతా తెరిపిస్తుంది. కొన్నేళ్లకు ఆ మనిషి పని మానుకుని టెక్కలికో, నరసన్నపేటకో, సోంపేటకో తిరిగి వచ్చేస్తాడు. ఖాతా మాత్రం హైదరాబాద్‌లోనే ఉండిపోతుంది. ఫోన్ నంబరు మారినా, చిరునామా మారినా, ఖాతాదారు కన్నుమూసినా, ఇంట్లోవారికి మొదట వినిపించే మాట "హైదరాబాద్ వెళ్ళాలి" అన్నదే. ఆ మాట నిజమయ్యే సందర్భాలు కొన్నే ఉన్నాయి. టికెట్ కొనేముందు ఏ పని ఇక్కడే అవుతుందో, ఏ పనికి ప్రయాణం తప్పదో విడదీసి చూసుకుంటే రెండు రోజుల కూలీ, రానుపోను ఖర్చు మిగులుతాయి.

ఇప్పుడు బ్యాంకుల శాఖలన్నీ కోర్ బ్యాంకింగ్ పద్ధతిలో ఒకే వ్యవస్థకు కలిసి ఉంటాయి. హైదరాబాద్ బ్రాంచిలో ఉన్న మీ ఖాతా వివరాలు శ్రీకాకుళం పట్టణంలోని అదే బ్యాంకు బ్రాంచి కౌంటరులోని కంప్యూటరులోనూ కనిపిస్తాయి. నగదు వేయడం, తీయడం, పాస్‌బుక్ ఎంట్రీ, స్టేట్‌మెంట్, చెక్‌బుక్ కోరడం, కేవైసీ (గుర్తింపు, చిరునామా) పత్రాలు ఇవ్వడం, నామినీ పేరు చేర్చడం వంటి పనులు ఏ శాఖలోనైనా అడగవచ్చు. అయితే ఖాతా తెరిచిన శాఖను, అంటే హోం బ్రాంచిని, దాటి వేరే చోట నగదు తీసుకునేటప్పుడు రోజుకు ఇంత అన్న పరిమితిని, కొన్నిసార్లు రుసుమును, ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా పెడుతుంది. పెద్ద మొత్తం కావాలంటే ముందే అడిగి తెలుసుకోండి.

ముందు మీ ఖాతా ఏ బ్రాంచిదో కచ్చితంగా తెలుసుకోవాలి. చెక్కు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పైభాగంలో బ్రాంచి చిరునామాతో పాటు 11 అక్షరాల ఐఎఫ్ఎస్సీ కోడ్ ఉంటుంది. అందులో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగిలిన ఆరూ ఆ శాఖవి. చెక్కు అడుగున ఉండే తెల్లని పట్టీలో అచ్చయిన అంకెల్లో తొమ్మిది అంకెల ఎంఐసీఆర్ కోడ్ ఉంటుంది. దాని మొదటి మూడంకెలు ఊరిని సూచిస్తాయి. హైదరాబాద్‌కు అవి 500. చెక్‌బుక్ లేనివారికి ఇవే వివరాలు పాస్‌బుక్ మొదటి పేజీలోనో, బ్యాంకు యాప్‌లోనో దొరుకుతాయి.

ఖాతాను ఊరికి తెచ్చుకోవడం

తిరిగి హైదరాబాద్ వెళ్ళే ఆలోచన లేనివారు ఖాతాను శ్రీకాకుళం బ్రాంచికి మార్పించుకోవడమే మేలని నా అభిప్రాయం. దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం మినిమం బ్యాలెన్స్. చాలా ప్రైవేటు బ్యాంకులు ఈ మొత్తాన్ని హోం బ్రాంచి ఉన్న ప్రాంతాన్ని బట్టి నిర్ణయిస్తాయి: మహానగరాల్లో ఎక్కువ, చిన్న పట్టణాల్లో తక్కువ, పల్లెల్లో ఇంకా తక్కువ. జీతం ఖాతాకు ఈ షరతు ఉండదు కాబట్టి పనిలో ఉన్నన్నాళ్ళు ఎవరికీ ఇది పట్టదు. జీతం పడడం ఆగిన కొన్ని నెలలకు అది మామూలు పొదుపు ఖాతాగా మారుతుంది, అప్పటినుంచి మహానగరం లెక్క ప్రకారం జరిమానా మొదలవుతుంది. ఊళ్ళో ఉపాధి పనులు చేసుకుంటున్న మనిషి ఖాతాకు హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న బ్రాంచి షరతు వర్తించడం ఎంత మాత్రమూ న్యాయంగా ఉండదు, కానీ మార్పు కోరనంతకాలం అదే నడుస్తుంది.

ఈ విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి తెలిసి ఉండాలి. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆదేశం ప్రకారం, నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా మీకు తెలియజేసి, నిల్వ సరిచేసుకోవడానికి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. జరిమానా తగ్గిన మొత్తానికి తగినట్టు ఉండాలి. కేవలం ఆ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఖాతాలో మైనస్ అంకె కనిపిస్తే కట్టేముందు ఈ నిబంధనను ప్రస్తావించి రాతపూర్వకంగా వివరణ అడగండి. అసలు మినిమం బ్యాలెన్సే వద్దనుకుంటే, బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని కోరే అవకాశం ప్రతి బ్యాంకులోనూ ఉంది.

మార్పు కోసం చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. బ్రాంచి మార్పు దరఖాస్తు, ఆధార్, పాన్, పాస్‌బుక్ ఉంటే అది, పాత చెక్‌బుక్ పట్టుకుని మీ ఖాతా ఉన్న బ్యాంకుకు చెందిన స్థానిక శాఖకు వెళ్ళాలి. కొన్ని బ్యాంకులు యాప్‌లోనే ఈ సౌకర్యం ఇస్తున్నాయి. ఒక శాఖలో పూర్తయిన కేవైసీ అదే బ్యాంకు మరో శాఖలోనూ చెల్లుతుంది కాబట్టి, కేవైసీ గడువు తీరకపోతే మళ్ళీ మొదటినుంచి పత్రాలన్నీ ఇవ్వాల్సిన పని లేదు. ఆధార్‌లో పాత చిరునామా ఉండి, ఇప్పుడు వేరే చోట ఉంటున్నవారు ప్రస్తుత చిరునామాను స్వీయ ధ్రువీకరణగా రాసి ఇవ్వవచ్చు.

మారిన తర్వాత ఖాతా నంబరు సాధారణంగా అదే ఉంటుంది, ఐఎఫ్ఎస్సీ కోడ్ మారుతుంది. పీఎఫ్ వివరాల్లోనూ, మీకు డబ్బు పంపేవారి దగ్గరా కొత్త కోడ్ నమోదు చేయించండి. ఎవరికైనా ముందు తేదీలు వేసి ఇచ్చిన చెక్కులుంటే, కొత్త చెక్‌బుక్ తీసుకునేముందు వాటి సంగతి తేల్చుకోవాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు పొదుపు ఖాతాతో పాటు కదిలాయా లేదా అన్నది విడిగా అడగాలి.

ఇక్కడే చాలామంది గమనించని మరో సంగతి చెప్పాలి. ప్రభుత్వ పథకాల సొమ్ము, పీఎం కిసాన్ వంటిది, ఆధార్‌తో చివరగా జోడించిన బ్యాంకుకు వెళ్తుంది. హైదరాబాద్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఏదో ఒక కాగితంపై సంతకం పెట్టి ఆధార్ జోడింపుకు ఒప్పుకుని ఉంటే, ఊళ్ళో ఖాతా ఎదురుచూస్తుండగా సొమ్ము అక్కడి ఖాతాలో పడుతుంది. "డబ్బులు పడలేదు" అని సచివాలయం చుట్టూ తిరిగేముందు మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. ఏ బ్యాంకు జోడై ఉందో అక్కడ కనబడుతుంది.

వాడకం ఆగిన ఖాతా

రెండేళ్ళకు పైగా ఖాతాదారు స్వయంగా ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. అప్పుడు కూడా డబ్బు ఎక్కడికీ పోదు, పొదుపు ఖాతా వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం అలాంటి ఖాతాలో మినిమం బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదు, తిరిగి తెరిపించడానికి రుసుము తీసుకోకూడదు. కేవైసీ పత్రాలను హోం బ్రాంచి కాని శాఖలోనూ తీసుకుని ఖాతాను తెరవాలని రిజర్వు బ్యాంకు స్పష్టంగానే చెప్పింది.

కౌంటరు దగ్గర మాత్రం కథ ఇలా నడుస్తుంటుంది. "ఇది మా బ్రాంచి ఖాతా కాదండి, హైదరాబాద్‌లోనే అడగాలి" అని ఉద్యోగి అంటారు. గొడవ పడకుండా "అలాగే బాబూ, ఆ మాట ఈ దరఖాస్తు మీద రాసి ముద్ర వేసి ఇవ్వండి" అని నెమ్మదిగా అడగండి. చాలాసార్లు ఆ దరఖాస్తు లోపల ఉన్న మేనేజరు బల్ల మీదకు వెళ్తుంది, పని అక్కడే మొదలవుతుంది. దరఖాస్తు ఎప్పుడూ రెండు ప్రతులు రాసి, రెండోదానిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి.

పదేళ్ళు దాటినా ఎవరూ ముట్టని సొమ్మును బ్యాంకు రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి పంపుతుంది. అయినా హక్కు పోదు. అదే బ్యాంకులో అడిగి తీసుకోవచ్చు. నాన్నకో తాతకో ఏ బ్యాంకులో ఖాతా ఉండేదో తెలియకపోతే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతోపాటు పాన్, పుట్టినతేదీ వంటి వివరాల్లో ఒకటి ఇచ్చి వెతకవచ్చు.

ఖాతాదారు మరణించినప్పుడు

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసిన పని ఇదే. ముందుగా ఒక మాట: కార్డు, పిన్ తెలుసు కదా అని మరణం తర్వాత ఏటీఎం నుంచి డబ్బు తీయవద్దు. అది మిగిలిన వారసులతో తగవుకు, బ్యాంకుతో చిక్కుకు దారి తీస్తుంది. బ్యాంకుకు మరణ సమాచారం ఇచ్చి, ఖాతా వివరాలు రాతపూర్వకంగా అడగడం సరైన పద్ధతి.

నామినీ పేరు ఉంటే, లేదా జాయింట్ ఖాతా ఎయిదర్ ఆర్ సర్వైవర్ షరతుతో (ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చు, ఒకరు పోతే సొమ్ము మిగిలినవారికి) ఉంటే, క్లెయిం ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ గుర్తింపు పత్రం సరిపోతాయి. వారసత్వ ధ్రువీకరణ కోర్టు నుంచి తెమ్మని అడగడానికి వీల్లేదు. నామినీ ఆ డబ్బును వారసుల తరఫున అందుకునే మనిషి మాత్రమే, మిగిలినవారి హక్కు అందువల్ల పోదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలిస్తే అన్నదమ్ముల మధ్య మాటలు పెరగవు.

నామినీ లేకపోతే కాగితాలు పెరుగుతాయి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల రూపాయల వరకు ఉన్న సొమ్ముకు, వీలునామా మీద గాని వారసత్వం మీద గాని తగాదా లేనప్పుడు, సులభ పద్ధతి ఉంది: క్లెయిం ఫారం, మరణ ధ్రువీకరణ, వారసుల గుర్తింపు పత్రాలు, ఇండెమ్నిటీ బాండు (తర్వాత బ్యాంకుకు నష్టం వస్తే భరిస్తామన్న హామీ పత్రం), డబ్బు తీసుకోని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, చట్టబద్ధ వారసులెవరో తెలిపే ధ్రువీకరణ. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే పరిహారంగా వడ్డీ ఇవ్వాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసుకున్నా మరణ సందర్భంలో జరిమానా ఉండదు.

మరణం హైదరాబాద్‌లో జరిగితే మరణ ధ్రువీకరణ అక్కడి నగరపాలక సంస్థ ఇస్తుంది, ఊళ్ళో జరిగితే ఇక్కడి పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇస్తుంది. అక్కడి ఆసుపత్రి నుంచి పార్థివ దేహాన్ని తీసుకొచ్చే దుఃఖంలో ఈ కాగితం సంగతి ఎవరికీ తోచదు. ఆ సమయంలో హైదరాబాద్‌లో ఉన్న బంధువుకో స్నేహితుడికో ఈ ఒక్క పని అప్పగిస్తే, ఆ తల్లో భార్యో తర్వాత పరుగులు పెట్టనక్కరలేదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహశీల్దారు ఇస్తారు. ఆధార్‌లో, మరణ ధ్రువీకరణలో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే రకంగా ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగానూ, ఇంకోచోట పూర్తిగానూ ఉండడమే క్లెయిం ఫారాలు వెనక్కి రావడానికి తరచుగా కారణమవుతుంది.

బతికి ఉన్నవారు చేయవలసింది ఒకటే, నామినీ నమోదు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు.

ప్రయాణం తప్పని పనులు

లాకరు ఖాళీ చేయడం, ఆ బ్రాంచిలో కుదువ పెట్టిన బంగారం విడిపించుకోవడం, ఈ రెండింటికీ మనిషి వెళ్ళక తప్పదు, వస్తువు అక్కడే ఉంది కాబట్టి. ఇంటి రుణం విషయం వేరు. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వాలి, ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. ఆ పత్రాలు ఏ శాఖలో తీసుకుంటారో ఎంచుకునే వీలుందా అని ముందే అడగండి.

వెళ్ళేవారు రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులుండవని, మన రాష్ట్ర సెలవులు, తెలంగాణ సెలవులు ఒకటి కావని గుర్తుంచుకోవాలి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ దిగాక బ్రాంచి మూసి ఉంటే ఒక రోజు బస ఖర్చు అదనం. బయలుదేరే ముందు ఆ బ్రాంచికి ఫోన్ చేసి, ఎవరిని కలవాలో, ఏ అసలు పత్రాలు తేవాలో అడగండి. ఫోన్ నంబరు గూగుల్‌లో వెతికి పట్టుకోవద్దు, మోసగాళ్ళు అక్కడే కాపు కాస్తారు. పాస్‌బుక్ మీదనో, కార్డు వెనకనో, డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగిసే బ్యాంకు వెబ్‌సైట్‌లోనో ఉన్న నంబరునే వాడండి. ఓటీపీ అడిగినవారు బ్యాంకువారు కారు. మోసంలో డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పని కాకపోతే

ముందు బ్రాంచి మేనేజరుకు, తర్వాత ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆ బ్యాంకు ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక అయిన సీఎంఎస్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. బ్రాంచి హైదరాబాద్‌లో ఉంది కదా అని ఫిర్యాదుదారు అక్కడికి వెళ్ళనక్కరలేదు. ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతిని ఫోటో తీసి జత చేస్తే చాలు. సందేహాలకు రిజర్వు బ్యాంకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదుకు రుసుమేమీ లేదు, వకీలూ అక్కరలేదు.